పదిహేను పిన్నుల యోక్

ఆయన దాన్ని పాత లుంగీలో మూటగట్టి తెచ్చారు. కౌంటరు మీద పెట్టి ముడి విప్పుతుంటే హార్మోనియం పెట్టె అనుకున్నాను. తీరా చూస్తే విమానం స్టీరింగు. మా లైన్లో దాన్ని యోక్ అంటాం. నల్ల ప్లాస్టిక్కు బూడిద రంగుకు తిరిగింది. బల్లకు బిగించే క్లాంపుల్లో ఒకటి లేదు. వెనక నుంచి వేలెడు లావు కేబుల్, దాని చివర రెండు వరసల్లో పదిహేను పిన్నులు. పైవరసలో ఎనిమిది, కిందివరసలో ఏడు.

"మావాడు కొత్త కంప్యూటర్ కొనిచ్చాడు. దీన్ని ఏ కంతలో పెట్టాలో తెలియడం లేదు బాబూ" అన్నారు.

"దీని కంత కొత్తవాటిల్లో ఉండదు సార్. ఎప్పుడో మూసేశారు" అన్నాను.

ఆయన నవ్వలేదు. యోక్‌ను రెండు చేతులా పట్టుకుని ఒకసారి ముందుకు తోసి వెనక్కి లాగారు. స్ప్రింగు కిర్రుమంది. "ఇది బానే ఉందిగా?" అన్నారు.

అదే వచ్చిన చిక్కు. ఇలాంటి పని పట్టుకొచ్చే అందరి వస్తువూ బానే ఉంటుంది. కంప్యూటర్ కూడా బానే ఉంటుంది. రెంటికీ మధ్య మాటల్లేవు, అంతే.

నా షాపు సికింద్రాబాద్‌లో, ప్యారడైజ్ వెనక సందులో. 1997లో మానిటర్లు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల రిపేరుతో మొదలుపెట్టాను. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) నడక దూరం కాబట్టి, అక్కడ కొన్నవాళ్లే చెడిపోయాక నా దగ్గరికి వచ్చేవాళ్లు. మానిటర్లు పోయాయి, ప్రింటర్లు పోయాయి. జాయ్‌స్టిక్కుల పని ఎప్పుడు అంటుకుందో సరిగ్గా చెప్పలేను గానీ, ఊపందుకున్నది మాత్రం 2020 ఆగస్టులోనే. లాక్‌డౌన్ల మధ్య మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కొత్తది వచ్చింది. ఇంట్లో కూర్చున్నవాళ్లంతా తమ ఊరి మీదుగా ఎగరాలనుకున్నారు. కొత్త జాయ్‌స్టిక్కులు దొరకలేదు, దొరికినవాటి ధర రెండింతలు చెప్పారు. అటకల మీది పాతవి దిగాయి. అమెరికా నుంచి 90ల్లో సూట్‌కేసులో వచ్చినవి, అన్నయ్యవి, మేనమామవి, అన్నీ దుమ్ముతో సహా నా కౌంటరెక్కాయి.

ఆ పదిహేను పిన్నుల సాకెట్‌ను గేమ్ పోర్ట్ అంటారు. 1981లో ఐబీఎం తన మొదటి పీసీతో పాటే ఆ కార్డు అమ్మింది. తర్వాత సౌండ్ కార్డుల వెనక చేరింది. దాన్ని చూసి మానిటర్ పిన్ను అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వీజీఏకీ పదిహేనే, కానీ అవి మూడు వరసలు. ఒకాయన వీజీఏ సాకెట్లోకి బలవంతంగా నెట్టి మూడు పిన్నులు వంచుకొచ్చాడు.

పాత జాయ్‌స్టిక్కుకు బుర్ర లేదు. ఇది తిట్టు కాదు, దాని అందమే అది. విప్పి చూస్తే లోపల రెండో మూడో పాట్లు, నాలుగు బటన్లు, వైర్లు. చిప్పు అనేదే ఉండదు. పాట్ అంటే రేడియోలో వాల్యూమ్ కంట్రోల్ లాంటిదే, లక్ష ఓములది. స్టిక్కు కదిలితే పాట్ తిరుగుతుంది, నిరోధం మారుతుంది. ఆ నిరోధం ఎంతో కొలిచే పని కంప్యూటర్‌దే. అదీ నేరుగా కొలవదు. కార్డులో ఒక కెపాసిటర్ ఉంటుంది, పాట్ గుండా వచ్చే కరెంటుతో అది నిండుతుంది. ఎంతసేపట్లో నిండిందో కంప్యూటర్ లెక్కబెడుతుంది. కుళాయి ఎంత తిప్పి ఉందో చూడకుండా, బిందె నిండడానికి పట్టిన సేపును బట్టి కుళాయి సంగతి చెప్పడం అన్నమాట. నిరోధం సున్నా అయితే దాదాపు 24 మైక్రోసెకన్లు, లక్ష ఓములైతే 1,124 మైక్రోసెకన్లు. మధ్యలో ఉంటే 574. ఆ రోజుల్లో చాలా గేములు ప్రాసెసర్ వేగాన్ని బట్టే లెక్కబెట్టేవి. కంప్యూటర్ మార్చి వేగమైనది కొంటే స్టిక్కు లెక్క తప్పేది. అందుకే వేగం సర్దుకోవడానికి చక్రం ఉన్న గేమ్ కార్డులు కూడా అమ్మేవారు.

యూఎస్‌బీ పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. 1996లో వచ్చిన ఆ పోర్టులో కంప్యూటర్ ఏదీ కొలవదు. గుచ్చగానే "ఎవరు నువ్వు, ఎక్కడివాడివి, నీకెన్ని బటన్లు, ఎన్ని యాక్సిస్‌లు" అని అడుగుతుంది. వస్తువే తన పేరు, కంపెనీ నంబరు, మోడల్ నంబరు చెప్పుకోవాలి. తన కొలత తానే కొలుచుకుని అంకెల్లో అప్పజెప్పాలి. మూగవాడిని ఇంటర్వ్యూకు పంపితే ఏమవుతుందో పాత స్టిక్కును యూఎస్‌బీకి తగిలిస్తే అదే అవుతుంది. విండోస్ ఎక్స్‌పీ దాకా గేమ్ పోర్టుకు చోటుండేది. 2007లో విస్టా వచ్చింది, ఆ తలుపూ మూసేసింది.

ఇది తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. ఒక కుర్రాడు చిన్న అడాప్టర్ తెచ్చాడు. ఒకవైపు పదిహేను పిన్నుల సాకెట్, ఇంకోవైపు యూఎస్‌బీ. "అన్నా, ఇది పెడితే కంప్యూటర్‌కు ఏమీ తెలియట్లేదు" అన్నాడు. మీటర్ బీప్‌లో పెట్టి చూస్తే ఇటు పిన్ను నుంచి అటు పిన్నుకు ఉత్త వైరే. అది మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ ప్రెసిషన్ ప్రోతో వచ్చిన అడాప్టర్. ఆ స్టిక్కులో చిప్పుంది, దానికి గేమ్ పోర్టు భాషా వచ్చు, యూఎస్‌బీ భాషా వచ్చు. కాబట్టి వైరు మారిస్తే చాలు. ఈ కుర్రాడిది చిప్పు లేని స్టిక్కు. సాకెట్లో సరిగ్గా కూర్చుంది కాబట్టి పనిచేస్తుందనుకున్నాడు.

లోపల చిప్పు పెట్టి, పాట్లను తానే కొలిచి యూఎస్‌బీలో చెప్పే కన్వర్టర్లు వేరే ఉన్నాయి. నాలుగు యాక్సిస్‌లు, నాలుగు బటన్లు. మామూలు స్టిక్కుకు అవి చాలు, నేనూ అవే పెట్టి పంపుతాను. హ్యాట్ స్విచ్ ఉన్నదైతేనే తంటా. హ్యాట్ అంటే బొటనవేలి కింద నాలుగువైపులా కదిలే చిన్న టోపీ, కాక్‌పిట్‌లో అటూ ఇటూ చూడడానికి. గేమ్ పోర్టులో నాలుగు బటన్లకే చోటుంది కదా, మరి హ్యాట్‌ను ఎలా ఇరికించారు? సీహెచ్ ప్రొడక్ట్స్‌వాళ్లు హ్యాట్ కదిపితే ఒకటికి మించి బటన్లు ఒకేసారి నొక్కినట్టు సిగ్నల్ పంపారు. థ్రస్ట్‌మాస్టర్‌వాళ్లు ఖాళీగా ఉన్న నాలుగో యాక్సిస్ మీద ఒక్కో దిక్కుకు ఒక్కో రెసిస్టర్ పెట్టారు. చౌక కన్వర్టర్‌కు ఈ సంకేతాలు తెలియవు. అందుకే పక్కకు చూద్దామని హ్యాట్ కదిపితే ఫ్లాపులు దిగి, చక్రాలు లోపలికి పోయి, బ్రేకులు పడతాయి. ఫోన్లో ఈ లక్షణం చెబితే చాలు, స్టిక్కు ఏ కంపెనీదో చూడకుండానే చెప్పేస్తాను.

లుంగీ మూట యోక్‌కు అలాంటి కన్వర్టర్ పెట్టి పంపేసి ఉండొచ్చు. కానీ పాట్లు అరిగిపోయి ఉన్నాయి. కదలకుండా పెట్టినా అంకెలు దూకుతున్నాయి. ఎలాగూ విప్పక తప్పదు కనుక, బుర్ర కూడా లోపలే పెట్టేద్దామనుకున్నాను.

ఇక్కడ మా మేనల్లుడి గురించి చెప్పాలి. చెల్లెలి కొడుకు, ఇంజినీరింగ్ చదువుతూ సాయంత్రాలు షాపుకొస్తాడు. టంకం నాది, కోడు వాడిది. మేము వాడేది ప్రో మైక్రో అనే బొటనవేలంత బోర్డు. అందులోని 32యూ4 చిప్పుకు యూఎస్‌బీ సొంతంగా వచ్చు. జాయ్‌స్టిక్కునని చెప్పుకుంటుంది, విండోస్ నమ్ముతుంది, డ్రైవరు అడగదు. అనలాగ్ కాళ్ల మీద వోల్టేజీని 0 నుంచి 1023 దాకా అంకెగా చదువుతుంది.

చూశారుగా, ఇది చదివేది వోల్టేజీని. పాత స్టిక్కు ఇచ్చేది నిరోధాన్ని. ఈ తేడా దగ్గరే నేను మొదట్లో బోల్తా పడ్డాను.

పాత స్టిక్కులో ప్రతి పాట్‌కూ మూడు కాళ్లుంటాయి కానీ వైర్లు రెండిటికే. ఒక కాలికి 5 వోల్టులు, మధ్య కాలి నుంచి సిగ్నల్. మూడో కాలు ఖాళీ. బోర్డుకు తగిలించాలంటే ఆ సిగ్నల్ వైరుకూ గ్రౌండుకూ మధ్య ఒక లక్ష ఓముల రెసిస్టర్ పెడితే వోల్టేజీ వస్తుంది. స్టిక్కు విప్పక్కర్లేదు, పది నిమిషాల పని. మొదటి ఆరు నెలలు అలాగే చేశాను. ఒకాయన వాపసు తెచ్చాడు. "ఎడమకు తిప్పితే చకచకా తిరుగుతోంది, కుడికి మొద్దులా ఉంది" అన్నాడు. మేనల్లుడు కాగితం మీద లెక్కేశాడు. పాట్ ఒక చివర ఉంటే అంకె 1023. ఇంకో చివర 512. అంటే సగం అంకెలు మొదటే పోయాయి. పోతే పోయాయి, మధ్యలో ఎంత రావాలి? 767 రావాలి. వచ్చేది 682. మధ్య నుంచి ఒక పక్కకు 341 మెట్లు, రెండో పక్కకు 170. చేయి రెండు పక్కలా ఒకేలా కదిలినా విమానం ఒకవైపు రెండింతలు ఒరుగుతుంది.

"మామా, కోడ్‌లో వంపు సరిచేస్తా, వదిలెయ్" అన్నాడు వాడు. సరిచేయొచ్చు. కానీ లేని మెట్లను కోడు పుట్టించలేదు కదా. 170 మెట్ల పక్కన చేయి సన్నగా కదిలితే అంకె కదలదు. అందుకే అప్పటి నుంచి స్టిక్కు విప్పుతాను. ఖాళీగా ఉన్న మూడో కాలికి, పక్కనే బటన్ల కోసం వచ్చిన గ్రౌండు వైరు నుంచి అంగుళం ముక్క కలుపుతాను. అంతే, 0 నుంచి 1023 దాకా మొత్తం దొరుకుతుంది, మధ్య మధ్యలోనే ఉంటుంది. కేబుల్ మార్చక్కర్లేదు, కోయక్కర్లేదు. ఒక్కో పాట్‌కూ ఒక్కో జంపర్ పిన్ను పెడతాను. ఎవరైనా పాత పెంటియం తీసి దీన్ని మళ్లీ గేమ్ పోర్టుకు తగిలించాలనుకుంటే జంపర్లు పీకితే చాలు, పుట్టింటికి వెళ్లిపోతుంది. పాత కేబుల్ కత్తిరించి యూఎస్‌బీ వైరు అతికే రిపేరీలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో దయ్యం ఉంది. మూడు పాట్లూ కలిపాక, థ్రాటిల్ తోస్తే విమానం ముక్కు కొంచెం లేస్తుంది. వైర్లు కలిసిపోయాయేమోనని రెండు రోజులు వెతికాను. వైర్లలో ఏమీ లేదు. బోర్డులో కొలిచేది ఒక్కటే, ఒక్కో కాలి దగ్గరకూ వంతులవారీగా వెళ్లి కొలుస్తుంది. లక్ష ఓముల పాట్ గుండా కరెంటు నీరసంగా వస్తుంది కాబట్టి, ముందు కొలిచినదాని ఎంగిలి తర్వాతదానికి అంటుతుంది. చిప్పు కాగితాల్లో 10 వేల ఓములకు లోపు మూలం ఉంటే మంచిదని రాసే ఉంది, మేమే చదవలేదు. ఒక్కో కాలికీ గ్రౌండుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే దయ్యం దిగింది. కెపాసిటర్ రూపాయి, వెతుకులాట రెండు రోజులు. బిల్లులో ఏది రాయాలి?

పాట్ల కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తాం. వెనక బీ-100కే అని ఉన్నవే తేవాలి. ఏ-100కే కూడా లక్ష ఓములే, అదే సైజు, అదే షాఫ్టు. కానీ అది పాటల వాల్యూమ్‌కు పనికొచ్చేది. చెవికి తగ్గట్టు మొదట నెమ్మదిగా, తర్వాత ఒక్కసారిగా పెరుగుతుంది. ఒకసారి తొందరలో డజను ఏ-లు తెచ్చి రెండు స్టిక్కుల్లో బిగించేశాను. ఆ విమానాలు ఎలా ఎగిరాయో అడక్కండి. అరిగే గొడవే వద్దనుకునేవాళ్లకు పాట్ తీసేసి అయస్కాంతం, హాల్ సెన్సర్ పెడతాం. రాపిడి లేదు కాబట్టి అరుగుడు లేదు. కానీ ఆ అయస్కాంతాన్ని సరైన కోణంలో నిలబెట్టడానికి పట్టే సమయం చూస్తే, అడిగినవాళ్లందరికీ ఒప్పుకోను.

యోక్ విప్పి ఉన్న రోజు ఆయన మళ్లీ వచ్చారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను కొత్త పాట్ బిగిస్తూ, స్క్రీన్ మీద అంకె చూస్తూ, స్క్రూ కొంచెం వదులు చేసి తిప్పి, మళ్లీ బిగిస్తున్నాను. 498. మళ్లీ. 530. బిగించేటప్పుడల్లా జరిగిపోతోంది. నా పద్ధతి ఎప్పుడూ అదే, పది పదిహేను సార్లు తిప్పితే ఎప్పుడో కుదురుతుంది. కుదరకపోతే డెడ్‌జోన్ పెట్టేయడమే. డెడ్‌జోన్ అంటే మధ్యలో కొంత మేర చేయి కదిలినా కదలనట్టు కోడ్‌లో చెప్పడం. చిరుగు మీద దుప్పటి కప్పడం లాంటిది.

"ముందు యోక్‌కు పిన్ను వెయ్యి" అన్నారు ఆయన.

అర్థం కాలేదు.

"ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని. హకీంపేటలో చాలా ఏళ్లు చేశాను, కిరణ్ విమానాల మీద. కంట్రోల్స్ సర్దేటప్పుడు మొదట న్యూట్రల్‌లో పెట్టి పిన్నుతో లాక్ చేస్తాం. స్టిక్కు కదలకూడదు. ఆ తర్వాతే అవతలివైపు సర్దుతాం. నువ్వు రెండు చివర్లూ వదిలేసి మధ్యను వెతుకుతున్నావు."

యోక్ షాఫ్టును స్కేలుతో కొలిచి, సరిగ్గా నిటారుగా ఉన్నచోట, బాడీలో ఉన్న ఒక పాత స్క్రూ కన్నంలోంచి సన్న మేకు దూర్చాం. షాఫ్టు కదలకుండా నిలిచింది. అప్పుడు పాట్ బాడీనే తిప్పి 512 దగ్గర పట్టుకుని నట్టు బిగించాను. మేకు తీసి, ఎడమ నుంచి వదిలితే 511, కుడి నుంచి వదిలితే 513. ఇరవై ఏళ్లకు పైగా స్క్రూడ్రైవర్ పట్టుకున్న నాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నా డ్రాయర్లో ఆ మేకు విడిగా ఒక డబ్బాలో ఉంటుంది.

అన్ని పనులూ ఇంత తీరుగా అవలేదు. నగరంలో ఒక పైలట్ శిక్షణ సంస్థవాళ్లు పాత కన్సోల్ చూడమన్నారు. రేడియోలు, ట్రిమ్ చక్రాలు, థ్రాటిల్ అన్నీ ఉన్న పెద్ద డబ్బా. అది గేమ్ పోర్టు కాదు, సీరియల్ పోర్టు, తొమ్మిది పిన్నులు. ముందే అడిగాను, ఇది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న సిమ్యులేటరా అని. అయితే మాత్రం నేను ముట్టను. దాని మీద గడిపిన గంటలు పుస్తకంలో ఎక్కుతాయి, అందులో వైరు మార్చినా అనుమతి కావాలి. కాదు, పిల్లలు చెక్‌లిస్టు అలవాటు చేసుకోవడానికి మాత్రమేనన్నారు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు గాల్లో తిరగాలి, ఆ గంటల ఖర్చు తెలిసినవాళ్లు నేల మీదే చెయ్యి తిప్పుకుంటారు. సరేనన్నాను.

సీరియల్ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ బజారులో రెండు వందలకూ ఉంది, రెండు వేలకూ ఉంది. నేను రెండు వందలది పెట్టాను. నాలుగు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఒక సోమవారం పొద్దున ఫోను. విండోస్ అప్‌డేట్ అయింది, కన్సోల్ చచ్చింది. వెళ్లి చూస్తే డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం. కేబుల్లో ఉన్నది పేరున్న చిప్పుకు నకలు. కొత్త డ్రైవర్ దాన్ని గుర్తుపట్టి, నువ్వు మావాడివి కాదని పక్కన పెట్టేసింది. పద్దెనిమిది మంది విద్యార్థులు, ఒక ఇన్‌స్ట్రక్టరు, అందరూ నన్నే చూస్తున్నారు. తప్పు నాదే, కేబుల్‌ది కాదు. అసలు చిప్పుదే తెచ్చి పెట్టాను, డబ్బు తీసుకోలేదు.

పెట్టాక ఇంకో చిక్కు. కొత్త కేబుల్‌కు విండోస్ కామ్-7 అని పేరు పెట్టింది. ఆ పాత సాఫ్ట్‌వేర్‌కు నాలుగు దాటితే లెక్కలు రావు. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి కామ్-3 అని మార్చాను. నడిచింది, కానీ ట్రిమ్ చక్రం తిప్పాక సూది ఆలోచించుకుని కదులుతోంది. ఇలాంటి చిప్పులు చిన్నచిన్న సందేశాలను వెంటనే పంపవు, ఇంకా ఏమైనా వస్తాయేమోనని 16 మిల్లీసెకన్లు ఆగుతాయి. సర్వీసు ఆటో నిండేదాకా కదలదు చూడండి, అలా. కన్సోల్ అడగడం, జవాబివ్వడం అన్నీ చిన్న ముక్కలే కాబట్టి ప్రతిదానికీ ఆ ఆలస్యం. సెట్టింగుల్లో ఆ 16ను 1 చేస్తే సూది చేతితో పాటే కదిలింది. ఇది తెలిశాక సీరియల్ పని ఏదొచ్చినా మొదట చూసేది అదే.

యూఎస్‌బీతోనే పుట్టిన పాత స్టిక్కులకూ కష్టాలున్నాయి. 2000 ప్రాంతాల స్టిక్కును కొత్త కంప్యూటర్ నీలం పోర్టులో పెడితే ఒక్కోసారి గుర్తించదు, లేదా గుర్తించి మరిచిపోతుంది. పాత మదర్‌బోర్డుల్లో నెమ్మది వస్తువులకు వేరే కంట్రోలర్ ఉండేది. 2015 తర్వాతి ఇంటెల్ బోర్డుల్లో దాదాపు అన్నిటికీ కలిపి ఒకే కొత్త కంట్రోలర్. దాని హడావిడిలో సెకనుకు 15 లక్షల బిట్ల ముసలి స్టిక్కు మాట తడబడుతుంది. మందు చాలా చౌక. పాత యూఎస్‌బీ 2.0 హబ్ ఒకటి మధ్యలో పెట్టడం. నెమ్మది మాటలను వేగంలోకి తర్జుమా చేసే దుబాసీ ఆ హబ్ లోపలే ఉంటుంది. సీటీసీలో నూటయాభైకి దొరుకుతుంది. ఇరవై వేల మదర్‌బోర్డు మార్చబోతున్న ఒకాయన్ని దానితో ఆపాను. ఆయన సంతోషించలేదు, ఇంత చిన్నదా అని అనుమానంగా చూశాడు.

ఎగురుతుండగా పావుగంటకు స్టిక్కు మాయమైతే, అది కంప్యూటర్ కరెంటు పొదుపు. క్రూయిజ్‌లో ఆటోపైలట్ పెట్టి చాయ్‌కి లేస్తారు, స్టిక్కు కదలదు, విండోస్ దాన్ని నిద్రపుచ్చుతుంది. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయాలి. దీనికి నేను డబ్బు తీసుకోను, ఫోన్లోనే చెప్పేస్తాను. పొడుగు కేబుల్ కావాలన్నవాళ్లకు మాత్రం లేదంటాను. నెమ్మది యూఎస్‌బీకి 3 మీటర్లు, మామూలుదానికి 5, ఆ పైన మధ్యలో హబ్ ఉండాల్సిందే.

ఒకేరకం కన్వర్టర్లు రెండు పెట్టుకున్నవాళ్ల కథ వేరు. ఒకటి స్టిక్కుకు, ఒకటి పెడల్స్‌కు. రెండింటికీ ఒకే కంపెనీ నంబరు, ఒకే మోడల్ నంబరు, సీరియల్ నంబరు లేదు. కవలపిల్లలు. కంప్యూటర్ ఆపి వేసినప్పుడు ఎవరు ముందు పలికితే వాళ్లే ఒకటి. రన్‌వే మీద పెడల్ తొక్కితే రెక్క ఒరిగింది అన్నాడొకాయన. మా బోర్డులకు మేనల్లుడు విడివిడిగా పేర్లు పెడతాడు. లుంగీ మూట యోక్‌కు ఏం పేరు పెట్టమంటారని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి "కిరణ్" అన్నారు. ఇప్పుడు విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల జాబితా తెరిస్తే అదే కనబడుతుంది.

యోక్ పట్టుకెళ్లిన వారానికి ఆయన మళ్లీ వచ్చారు. లుంగీలోనే.

"ఎడమకు లాగుతోంది" అన్నారు. మొహంలో అసంతృప్తి.

నాకు గుండె జారింది. కౌంటరు మీదే తగిలించాను. వదిలితే 512. ఎడమ నుంచి 511, కుడి నుంచి 513. మేకు దూర్చి చూశాను, ఇట్టే దూరింది. ఏమీ జరగలేదు. "ఎప్పుడు లాగుతోంది సార్?" అంటే, బేగంపేట రన్‌వే మీద ఫుల్ థ్రాటిల్ ఇవ్వగానే, సెస్నాలో, అన్నారు. ఇంట్లో పాత కంప్యూటర్‌లో ఎప్పుడూ అలా లాగలేదట.

మేనల్లుడు వెనక నుంచి పలికాడు. "తాతగారూ, అది యోక్ కాదు. ప్రొపెల్లర్. పవర్ పెడితే సెస్నా ఎడమకే పోతుంది. పాత గేములో ఆటో రడ్డర్ పెట్టి ఉంటారు, అదే సర్దేసేది. ఇందులో తీసేసి ఉంది. నిజం విమానమూ అంతే, కుడి పెడల్ తొక్కి పట్టాలి."

ఆయన వాడివైపు చూశారు, తర్వాత స్క్రీన్ మీద 512 వైపు చూశారు. "మా కిరణ్‌లకు ప్రొపెల్లర్ లేదుగా" అన్నారు నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. అంతసేపూ ముడిపడి ఉన్న నుదురు విడిపోయింది.

"ఆటో రడ్డర్ మళ్లీ పెట్టేయమంటారా సార్?" అన్నాను.

"వద్దు వద్దు. అది విమానం గుణం. దాన్ని ముట్టుకోకు." లుంగీ నాలుగు చెంగులూ కలిపి ముడేశారు. గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"పెడల్స్ ఎక్కడైనా పాతవి దొరికితే చెప్పు బాబూ. పదిహేను పిన్నులవైనా పర్లేదు."